కింది తొట్టిలో దీపం

ఫోను ఇక్కడే మోగుతోంది, నేను చేస్తున్న ఫోను నా వీపు వెనకే, అన్నయ్య దిండు కింద గుర్రుమంటోంది, అంటే మరిచిపోయి వెళ్ళాడు, నెలల తరబడి గడప దాటని మనిషికి ఫోను జేబులో వేసుకునే అలవాటు కూడా పోతుంది కాబోలు, ఇప్పుడు నేను ఎవరిని పిలవాలి, ఎక్కడని వెతకాలి. అన్నయ్య గదిలో గచ్చు మీద చతికిలబడి ఉన్నాను. నా ఎదురుగా చెక్క అర తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆ అర మీద మంచమంత పొడుగు అద్దాల తొట్టి, తొట్టి నిండా ఉప్పునీళ్ళు, రాళ్ళు, రాళ్ళకు అతుక్కున్న పగడాలు, వాటి మధ్య తిరిగే ఒకే ఒక్క పసుపు చేప. అర లోపల ఇంకో చిన్న తొట్టి. పైతొట్టిలో మురికి పట్టిన నీళ్ళు గొట్టంలోంచి దీంట్లోకి దిగుతాయి, ఇక్కడ శుభ్రపడి పంపులోంచి మళ్ళీ పైకెక్కుతాయి. అన్నయ్య దీన్ని సంపు అంటాడు. ఇంటికి ఒక సంపు ఉంది కదరా, పడగ్గదిలో ఇంకోటెందుకు అని అమ్మ అప్పట్లో అడిగింది, అన్నయ్య నవ్వాడు, అప్పుడింకా నవ్వేవాడు. ఆ కింది తొట్టిలో పెంచుతున్న నాచు నిన్నటిదాకా పచ్చగా ఉందనే అనుకున్నాను. ఇప్పుడు తెల్లబడుతోంది, నేను చూస్తుండగానే తెల్లబడుతోంది, కొసల నుంచి మొదళ్ళకు, తడిసిన కాగితంలా అవతలి అద్దం కూడా కనబడేటట్టు, దాంట్లోంచి ఆకుపచ్చటి పొగలాంటిది జారి నీళ్ళలో కలుస్తోంది. ఇదేమిటో నాకు తెలుసు. ఇది జరగకూడదని అన్నయ్య నాకు వందసార్లు చెప్పాడు.

వందసార్లు అంటే నేను వినకపోయినా చెప్పాడని. ఈకల్లాంటి ఆకులు, ఆకులన్నిటినీ కలుపుతూ ఇసుక మీద పాకే తీగ, చూడటానికి ఇంత పెద్ద పొద, కానీ ఇదంతా కలిపి ఒకటే కణం తెలుసా ఎక్స్‌రే, అనేవాడు, లోపల ఎక్కడా అడ్డుగోడ లేదు, ఒకచోట తెగితే ఉన్నదంతా కారిపోవచ్చు, అందుకని తుంచకూడదు, జడ చిక్కు తీసినట్టు తీగను వేళ్ళతో సహా విప్పుకుంటూ రావాలి. చేప చేసే మురికిని తిని ఇది పెరుగుతుంది, అప్పుడప్పుడూ కొంత తీసి అవతల పడేస్తే మురికి దాంతోపాటే ఇంట్లోంచి వెళ్ళిపోతుంది, అంతే దీని ఉద్యోగం. పెరగాలి, కానీ ఇక్కడే పెరగాలి. పంపు మూతికి సన్నటి జల్లెడ బిగించాడు, గోరంత ముక్క పైకెక్కినా రాళ్ళను కమ్మేసి పగడాలకు ఊపిరాడకుండా చేస్తుందట. ఇంకో షరతు, దీనికి రాత్రి రాకూడదు. పైతొట్టికి పగలూ రాత్రీ ఉన్నాయి, దీనికి లేవు, దీని నెత్తిన దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి. చీకటి పడటం, తెల్లారటం దీనికి అలవాటైందంటే ఏదో ఒక పొద్దున లోపలున్న ప్రాణమంతా విత్తనంగా మార్చి నీళ్ళలోకి వదిలేసి తను ఖాళీ తొడుగైపోతుంది, ఆ వదిలిందంతా కుళ్ళి నీళ్ళలో గాలి లేకుండా చేస్తుంది, పైనున్నవి కూడా పోతాయి. పాపం, నిద్రపోనివ్వకుండా పెంచుతున్నావన్నమాట, అన్నాను నేను. అవును, నాకు తోడు, అన్నాడు. నేను నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పుడు అర్థం కావటం లేదు.

ఎక్స్‌రే అని పిలుస్తాడు నన్ను, నా పని అదే కాబట్టి. మనుషుల్ని పలక ముందు నిలబెట్టి ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి, రోజంతా ఇదే పాట. తెర మీద బొమ్మ ముందు నాకే కనబడుతుంది. ఎముక విరిగిందో, ఊపిరితిత్తి మీద మచ్చ ఉందో, వాళ్ళకంటే ముందు, డాక్టరుకంటే ముందు నేను చూస్తాను, చూసి చెప్పకూడదు. ఏమన్నా ఉందా అమ్మా అని గుండీలు పెట్టుకుంటూ నా మొహంలోకి చూస్తారు, డాక్టరుగారు చెప్తారండీ అని తలుపు చూపిస్తాను. అన్నయ్య లోపల మాత్రం నాకేమీ కనబడలేదు. పాటలు రికార్డు చేసే స్టూడియోలో సౌండు పని అతనిది, చెవులంటే అవీ చెవులు, పంపు బేరింగు అరుగుతోందని మంచం మీద పడుకునే కనిపెట్టేవాడు, మెట్ల మీద నా చెప్పుల చప్పుడు విని ఇవాళ ఎవరితోనో పోట్లాడి వస్తున్నావు అనేవాడు, నిజంగానే పోట్లాడి ఉండేదాన్ని, నా నోరు అలాంటిది. అలాంటివాడు ఒకరోజు పనికి వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు. ఏమైంది, ఏమైంది అని అందరూ అడుగుతారు, ఏదో ఒకటి అయి ఉంటే బాగుండును, ఎవరో మోసం చేశారనో ఎవరో వదిలేశారనో చెప్పుకుని అందరం కలిసి ఏడ్చేవాళ్ళం. ఏమీ కాలేదు. చొక్కా వేసుకుంటూ వేసుకుంటూ మధ్యలో ఆగిపోయి మంచం మీద కూర్చున్నాడు, అంతే. డాక్టరుతో ఫోన్లో మాట్లాడతాడు, మందులు వేసుకుంటాడు, అడిగితే బాగానే ఉన్నానంటాడు. మంచం దిగేది ఈ తొట్టి కోసమే. చేపకు మేత వేయాలి కాబట్టి లేస్తాడు, అద్దం తుడవాలి కాబట్టి చొక్కా చేతులు మడుస్తాడు, నాచు విప్పాలి కాబట్టి మోకాళ్ళ మీద కూర్చుంటాడు, ఎలాగూ లేచాడు కాబట్టి నాలుగు మెతుకులు తింటాడు. ఈ తొట్టి పోతే అన్నయ్య దేనికి లేస్తాడు? నేను గచ్చు మీద కూర్చుని చూస్తున్నది నాచు తెల్లబడటం ఒక్కటే కాదు.

ఈ రోజే ఎందుకు, అదీ నా ఏడుపు. ఇన్ని నెలలకు ఇవాళ బయటికి వెళ్ళాడు. పొద్దున్నే లేచి కింది తొట్టి ముందు చాలాసేపు కూర్చున్నాడు, ఒక పక్క నుంచి తీగ విప్పుకుంటూ వచ్చి సగానికి సగం తీసేశాడు, ఎప్పుడూ అంత తీయడు, ప్లాస్టిక్ సంచిలో నీళ్ళు పోసి అందులో వదిలి మూతి కట్టాడు. డ్రైవరుగారికి ఇచ్చొస్తాను, అన్నాడు. డ్రైవరుగారంటే ఇలాంటి తొట్టే పెట్టుకున్న పెద్దాయన, బస్సు నడిపి రిటైరయ్యాడు, ఈ నాచు మొదట పిడికెడు ఇచ్చింది ఆయనే. నేను తీసుకెళ్ళి ఇస్తాలే అన్నాను, నోటి దురుసు అలవాటైన నాకు ఆ ఒక్క క్షణం ఎంత తెలివితక్కువ మాట వచ్చిందో చూడండి, అమ్మ నా కాలు తొక్కింది. వద్దులే, నేనే వెళ్తా, అన్నాడు. ఇస్త్రీ చొక్కా అడిగాడు. అమ్మ బీరువా తీస్తే అన్నీ మడతల్లోనే పాతబడిపోయాయి, అయినా నీలం చొక్కా వెతికి మళ్ళీ ఇస్త్రీ చేసి ఇచ్చింది, చొక్కా వదులైపోయింది, భుజాలు జారాయి, బాగుందిరా అంది. సంచిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగాడు. కిటికీలోంచి అమ్మా నేనూ సందు మలుపు దాకా చూశాం. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, నిద్ర పడితే చాలే మనిషికి, నేను ముందే చెప్పానా, అంది.

నిద్ర అవును. అన్నయ్యకు ఇన్నాళ్ళూ లేనిది అదే. అర తలుపులు వేస్తే లోపల వేడి పుడుతుందని తీసే ఉంచుతాడు, ఆ గులాబీరంగు వెలుతురు గదంతా నిండి తలుపు కింద సందులోంచి హాల్లోకి గీతలా పడేది. అమ్మా నేనూ పడుకునేది ఎదురు గదిలో. అమ్మ ఆ గీతనే చూస్తూ పడుకునేది, వాడు కూర్చున్నాడే, లేచాడే, నీడ కదిలిందే అని నాతో చెప్పేది, నాకు పొద్దున డ్యూటీ ఉందమ్మా అని నేను విసుక్కునేదాన్ని. అమ్మకు నిద్రపోతే గురక. మా చిన్నప్పటి జోలపాట అదే. పొద్దున లేచి వెక్కిరిస్తే నేనెందుకు పెడతాను, మీ నాన్న పెట్టేవాడు అనేది, నాన్న పోయి ఎన్నేళ్ళయినా ఆ నేరం ఆయన మీదే. అన్నయ్య ఇలా అయ్యాక గురక ఆగిపోయింది. ఈమధ్య మళ్ళీ మొదలైంది. అన్నయ్య నిద్రపోతున్నాడు, కదలకుండా పడుకుంటున్నాడు, పిలిస్తేనే లేస్తున్నాడు, అందుకని అమ్మ నిద్రపోతోంది, వాళ్ళిద్దరూ నిద్రపోతున్నారు కాబట్టి నేనూ చెవిమీద దిండు వేసుకుని హాయిగా నిద్రపోతున్నాను. ఇంటికి పట్టిందేదో వదిలిందనుకున్నాను. మందు పని చేస్తోందని డాక్టరుకు ఫోను చేసి చెప్పాను కూడా. ఆయన మంచిదమ్మా అన్నాడు.

ఉప్పు బకెట్టు. ఆ బకెట్టు మీద తొట్టి సామాన్లమ్మే దుకాణం నెంబరు ఉంటుంది, ఎప్పుడూ చూస్తూనే ఉంటాను, ఇప్పుడు గుర్తొచ్చింది, కంగారులో నొక్కితే అంకెలు తప్పుతున్నాయి, మళ్ళీ నొక్కాను, మోగుతోంది, ఎత్తండి బాబూ, ఎత్తండి.

"ఎవరండీ?"

"మీ దగ్గర ఉప్పు కొంటాడే, సౌండు పనిచేసే ఆయన, వాళ్ళ చెల్లెల్నండీ. కింది తొట్టిలో నాచు తెల్లబడిపోతోంది."

"కొసలేనా, మొత్తమా?"

"మొత్తమేనండీ. నీళ్ళు చిక్కబడుతున్నాయి, ఆకుపచ్చ పాలలా."

"అయ్యయ్యో. దీపం ఆరిందా? కరెంటు గానీ పోయిందా?"

"లేదండీ, వెలుగుతూనే ఉంది."

"మరెందుకలా... ఎక్కువ కోశారేమో. సరే, అది తర్వాత. ముందు పంపు ఆపండి, కింది నీళ్ళు పైకెక్కకూడదు. పైన గాలిరాయి వేయండి. ఉప్పునీళ్ళు కలిపినవి ఉంటే చేపను పట్టి అందులోకి మార్చండి."

"నాచును ఆపలేమా అండీ?"

"మొదలయ్యాక దాన్నెవరూ ఆపలేరమ్మా," అన్నాడు, వెనకాల ఎవరో బేరం ఆడుతున్న గొంతు, "అది దాని చేతుల్లో కూడా ఉండదు."

పంపు ఆపాలి. గోడకు వరసగా స్విచ్చులున్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి, ఒకప్పుడు అన్నయ్య అంటించిన కాగితాలు ఉప్పుగాలికి ఊడిపోయాయి, అతనికి వాటితో పని లేదు, చప్పుడు విని ఏది ఏదో చెప్పేస్తాడు. వీటిని మాత్రం ముట్టుకోకు, అని ఒక్కటే మాట చెప్పాడు నాకు. మొదటిది నొక్కాను, పైతొట్టి దీపం ఆరింది, గబుక్కున మళ్ళీ వేశాను. రెండోది నొక్కితే ఏం ఆగిందో తెలియలేదు. మూడోది నొక్కాక గదిలో ఎప్పుడూ ఉండే గుయ్యిమనే చప్పుడు తెగిపోయింది, ఇంత చప్పుడు మధ్య బతుకుతున్నామా అనిపించింది, ఆ వెంటనే గొట్టంలోంచి పైనీళ్ళు కిందికి దిగటం మొదలైంది. దిగుతాయని చెప్పాడు, పంపు ఆగితే పైతొట్టి అంచు దాకా ఉన్న నీళ్ళు కొంత కిందికి వచ్చేస్తాయని, ఎంత వస్తాయో చెప్పాడేమో నేను వినలేదు. కింది తొట్టి నిండుతోంది. ఆకుపచ్చ పాలు అద్దం వెంట పైకి పాకుతున్నాయి, ఖాళీ తొడుగులు తేలుతూ వస్తున్నాయి, నేను అరచేతులు రెండూ అంచు మీద పెట్టి అడ్డం పట్టుకున్నాను, నీళ్ళను చేతులతో ఆపటానికి, ఎవరైనా చూస్తే నవ్వుతారు. అంచుకు వేలెడు దూరంలో ఆగాయి. అన్నయ్య లెక్క ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. నా మోచేతుల దాకా ఉప్పు.

ఆలస్యమైంది, పైతొట్టి కూడా మసకబారింది. పసుపు చేప ఎప్పుడూ రాయి రాయికీ వెళ్ళి తనిఖీ చేస్తుంది, అందుకే దాన్ని ఇన్‌స్పెక్టరు అంటాం, ఇప్పుడు ఇన్‌స్పెక్టరు నీళ్ళ పైకి వచ్చి నోరు తెరిచి మూస్తున్నాడు. మొప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి. గాలిరాయి వేశాను, బుడగలు వస్తున్నాయి, సరిపోతాయో లేదో. మూల డ్రమ్ములో అన్నయ్య కలిపి ఉంచిన ఉప్పునీళ్ళు సగం ఉన్నాయి, బకెట్టులోకి ముంచాను, వల తీసుకుని స్టూలెక్కాను. వల నీళ్ళలో దిగగానే అది రాళ్ళ వెనక్కి పోయింది. అటు పెడితే ఇటు వచ్చింది, ఇటు పెడితే అటు. నేను తరిమినకొద్దీ దానికి ఊపిరి ఇంకా ఎగదన్నుతోంది, కాపాడటానికి వచ్చి నేనే చంపేట్టున్నాను, రా నాన్నా, నీ మంచికే, రా, అంటున్నాను బయటికే, నా దగ్గరికి వచ్చే పసిపిల్లలకు కూడా ఇదే చెబుతాను, కదలకురా, నొప్పి పుట్టదు, చిటికెలో అయిపోతుంది. పిల్లలు నమ్ముతారు. ఇది నమ్మలేదు. వల తీసి ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీదే కూర్చున్నాను. నీళ్ళు నా పంజాబీ డ్రెస్సు నుంచి గచ్చు మీదికి కారుతున్నాయి. చేయాల్సినవన్నీ చేసేశాక ఇక చేయటానికి ఏమీ మిగలకపోవటం ఇంత భయంగా ఉంటుందని తెలియదు.

ఎందుకు, కానీ ఎందుకు. దీపం వెలుగుతూనే ఉంది, ఇదిగో ఇప్పటికీ ఆ శవం మీద గులాబీరంగు వెలుతురు పడుతూనే ఉంది. ఎక్కువ కోశాడా? సగం తీశాడు, దుకాణం ఆయన అన్నదీ అదే, అన్నయ్య కూడా అదే అనుకుంటాడు, నా చేతులతో నేనే చంపాను అనుకుంటాడు, ఒక్కరోజు మనిషిలా చొక్కా వేసుకుని బయటికి వెళ్ళినందుకు ఇది జరిగింది అనుకుంటాడు, ఇక ఆ చొక్కా విప్పి మళ్ళీ వేసుకోడు. వంటింట్లోంచి అమ్మ అడుగుల చప్పుడు. పంపు చప్పుడు ఆగినందుకు వస్తోంది, ఆ చప్పుడుంటే తిట్టుకుంటుంది, లేకపోతే కంగారుపడుతుంది.

"ఏంటే, మూగబోయింది?" గుమ్మంలో చెయ్యి తుడుచుకుంటూ నిలబడి నన్నూ, బకెట్టునూ చూసి అర లోపలికి తొంగి చూసింది. "అదేంటి, అట్లా తెల్లగా..."

"చచ్చిపోయిందమ్మా. రాత్రి కరెంటు పోయిందా? నువ్వెప్పుడైనా లేచినప్పుడు ఈ దీపం ఆరిపోయి ఉందా?"

అమ్మ చెయ్యి తుడుచుకోవటం ఆపలేదు, అప్పటికే ఆరిపోయిన చేతిని తుడుస్తూనే ఉంది, నాకు అర్థమైపోయింది, తెర మీద బొమ్మ పడినట్టు పడింది, అమ్మ నోటితో చెప్పకముందే.

"నేనే ఆర్పానే," అంది.

"రాత్రా?"

"రోజూ. వాడు కళ్ళు మూసుకున్నాక వచ్చి ఆర్పేదాన్ని. తెల్లారకముందే మళ్ళీ వేసేదాన్ని, వాడు చూస్తే ఊరుకోడని. ఆ వెలుతురు మొహాన కొడుతుంటే ఎవడికి నిద్ర పడుతుంది చెప్పు? మొదటి రోజు ఆర్పి ఇక్కడే నిలబడ్డాను. కాసేపటికి వాడు అటు తిరిగి పడుకున్నాడు. ఇక కదల్లేదు. నా కళ్ళతో చూశానే. ఎన్ని నెలలకో." దీపం వంక చూసింది. "నాచే కదా అనుకున్నా. దానికి మాత్రం కాస్త విశ్రాంతి అక్కర్లేదా అనుకున్నా."

అరవాలని నోరు తెరిచాను. అరిచే హక్కు నాకుందని కూడా అనిపించింది, అన్నయ్య వందసార్లు చెప్పాడు కదమ్మా, నాకే కాదు నీకూ చెప్పాడు కదా, అని. కానీ ఏమని అరవను. ఆర్పినందుకే అన్నయ్య నిద్రపోయాడు. నిద్రపోయినందుకే ఇవాళ గడప దాటాడు. వెలిగించి ఉంచితే నాచు బతికేది, అన్నయ్య రాత్రంతా దానికి తోడు కూర్చునేవాడు. అమ్మ ఈ రెండిట్లో ఒకటి తీసుకుంది, తీసుకుంటున్నానని తెలియకుండానే తీసుకుంది, తెలిసినా అదే తీసుకునేది, ఆ మాటకొస్తే నేనూ అదే తీసుకునేదాన్ని. చెప్పకే వాడికి, అంది అమ్మ, చిన్నపిల్లలా అంది, తర్వాత తనే, చెప్పకపోతే తన వల్లే అనుకుంటాడేమో కదా, అంది.  కరెంటు పోయిందని చెబుదామా, రాత్రి నేను లేచినప్పుడు చూశానని, నేను మళ్ళీ వేయటం మరిచిపోయానని, తిడితే నన్నే తిడతాడు, నేను ఎవరితోనైనా పోట్లాడగలను, తిట్లు తిని అరాయించుకోగలను. రోజూ మనుషుల మొహం మీద అబద్ధం లాంటిది చెప్పే ఉద్యోగం నాది, డాక్టరుగారు చెప్తారండీ. కానీ అతని చెవులు. గొంతులో వెంట్రుకవాసి తేడా వస్తే పట్టేసే చెవులు, పాడేవాళ్ళు ఏడ్చి వచ్చారా నవ్వి వచ్చారా చెప్పగలిగే చెవులు. మనసులో ఆ వాక్యం పలికి చూసుకుంటున్నాను, కరెంటు పోయిందన్నయ్యా, కరెంటు పోయింది అన్నయ్యా, ఎట్లా అన్నా అబద్ధంలాగే ఉంది. పైన పగడాలు ముడుచుకుపోతున్నాయి, విచ్చుకుని ఉన్న చేతివేళ్ళు పిడికిళ్ళు అవుతున్నట్టు ఒక్కొక్కటీ ముడుచుకుపోతున్నాయి. అమ్మ నా పక్కన వచ్చి నిలబడింది. ఇద్దరం ఏమీ చేయకుండా చూస్తున్నాం.

మెట్ల మీద చప్పుడు. నాకు అన్నయ్య చెవులు లేవు, అయినా ఆ అడుగులు నాకు తెలుసు, చాలా నెలల తర్వాత వింటున్నా తెలుసు. పరిగెత్తటం లేదు, ఆగటం లేదు. తలుపు తీసిన చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు, ఆ తర్వాత కాసేపు ఏ చప్పుడూ లేదు, ఇల్లు మూగబోయిందని హాల్లోనే తెలిసిపోయి ఉంటుంది. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నీలం చొక్కా వీపున చెమటతో అంటుకుపోయింది, మొహం ఎండకు కందింది, అతని మొహం మీద ఎండ చూసి ఎన్నాళ్ళయిందో. నేను అతని మొహాన్నే చూస్తున్నాను, బొమ్మ పడిందా లేదా అని, ఏమన్నా విరిగిందా అని. ఏమీ విరగలేదు. అతను కింది తొట్టి వంక చూసిన చూపులో ఆశ్చర్యం లేదు.

"పంపు ఆపావా? మంచి పని చేశావు," అన్నాడు.

"కరెంటు పోయిందన్నయ్యా. రాత్రి. నేను..."

"పోలేదులే."

చొక్కా చేయి భుజం దాకా మడిచాడు. స్టూలు అక్కర్లేదు అతనికి. చెయ్యి నీళ్ళలోకి దించి కదలకుండా ఉంచాడు, ఊపిరి కూడా బిగబట్టినట్టున్నాడు, మేత వేసేటప్పుడు రోజూ అలాగే ఉంచుతాడు, రాళ్ళ వెనక నుంచి పసుపు చేప మెల్లగా వచ్చి అరచేతి పక్కన నిలిచింది. అప్పుడు అమ్మ అంది.

"నేనే నాన్నా. నువ్వు నిద్రపోయాక దీపం నేనే ఆర్పేదాన్ని. చెల్లిదేం తప్పు లేదు. నువ్వు ఎక్కువ కోయటం వల్ల కూడా కాదు."

"తెలుసమ్మా," అన్నాడు నీళ్ళలోకి చూస్తూనే. "నిన్ననే మచ్చలు కనబడ్డాయి. అందుకే బాగున్న సగం విప్పి ఆయన తొట్టిలో పెట్టించి వచ్చాను. అక్కడ బతుకుతుంది."

"తెలుసా? ఎట్లా తెలుసు?"

"ఆ స్విచ్చు టక్కుమంటుంది కదమ్మా."

అమ్మకు అర్థం కాలేదు, నాకు అయింది, ఇన్నాళ్ళూ ఆ చెవుల గురించి అందరికీ గొప్పలు చెప్పుకున్నదాన్ని, ఆ ఒక్క టక్కు అతనికి వినబడి ఉంటుందని నాకెందుకు తోచలేదు. నిద్రపోతున్న మనిషికి కదా వినబడనిది.

"మరి నువ్వు నిద్రపోతున్నావుగా," అంది అమ్మ. "నేను చూశానుగా. అటు తిరిగి పడుకున్నావుగా."

అన్నయ్య చేప కింద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా పైకి తెచ్చాడు. "అటు తిరిగితేనే కదా నువ్వు వెళ్తావు," అన్నాడు. "నువ్వెళ్ళిన కాసేపటికి గురక వినబడేది. అది విని ఎన్నాళ్ళయిందో అమ్మా. లేచి దీపం వేస్తే ఆ గీత చూసి మళ్ళీ లేచి కూర్చుంటావు. సరేలే, పోతే పోయిందని ఊరుకున్నా."

"నేను గురక పెట్టను," అంది అమ్మ. ఎప్పుడూ అనే మాటే, నోటికి అలవాటై వచ్చేసింది, అని అలాగే మంచం కోడు పట్టుకుని గచ్చు మీద కూర్చుండిపోయింది.

ఎక్స్‌రే, ఆ బకెట్టు పట్టు, అన్నాడు. పట్టుకున్నాను. చేపను అందులోకి జారవిడిచి గాలిరాయి తెచ్చి వేశాడు, అది ఒక పక్కకు ఒరిగింది, మళ్ళీ నిలబడింది, మళ్ళీ ఒరిగింది. ఇన్ని రాత్రులు ఆ చీకట్లో గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని, కదిలితే అమ్మకు తెలుస్తుందని కదలకుండా, పక్కనే నాచు చచ్చిపోవటానికి సిద్ధమవుతుంటే వింటూ, అవును, వినే ఉంటాడు, ఇతను విననిదేముంది. నేను ఆ గోడకు ఇవతల చెవిమీద దిండు వేసుకుని నిద్రపోయాను. బాగుపడుతున్నాడని డాక్టరుకు ఫోను చేసి చెప్పాను. బతుకుతుందా అన్నయ్యా అని అడిగాను చేపను చూపించి. చూద్దాం, అన్నాడు, నేను రోజూ జనానికి చెప్పే గొంతుతోనే అన్నాడు. అమ్మ కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాచి, ఖాళీ తొడుగుల మీద ఇంకా వెలుగుతున్న దీపం వంక చూపించి, ఇక ఇది ఆర్పేయనా నాన్నా, అంది. నీ ఇష్టం అమ్మా, అన్నాడు. ఇంకా ఆర్పలేదు. బకెట్టు నా చేతుల్లోనే ఉంది, బరువుగా ఉంది, ఎక్కడ దించాలో ఎవరూ చెప్పటం లేదు. రాత్రికి మేం ముగ్గురం మళ్ళీ పక్కలు వేసుకుని పడుకోవాలి, ఎవరి గురక ఎవరు నమ్మాలో నాకు తెలియటం లేదు.